కిలోమీటరుకు ఎంత పడుతుంది?

ఇంట్లో కొత్త కారు మాట మొదలైందంటే చాలు, వెంటనే ఒక వాదన లేస్తుంది. స్వదేశీ కంపెనీ బండి తీసుకుందామా, విదేశీ కంపెనీ బండి తీసుకుందామా? టాటా, మహీంద్రా ఒకవైపు. మారుతి సుజుకి, హ్యుందాయ్, కియా, టయోటా, హోండా ఇంకోవైపు. బావమరిది ఒకటి చెబుతాడు. ఆఫీసులో పక్క సీటాయన ఇంకోటి చెబుతాడు. మనవాళ్ల బండి ఇనుము గట్టిదంటాడు ఒకాయన. జపాన్ ఇంజను చచ్చినా చెడిపోదంటాడు ఇంకొకాయన. ఎనిమిది లక్షలో, పన్నెండు లక్షలో పోసి కొనే వస్తువు ఇది. ఇల్లూ పెళ్లీ తీసేస్తే మధ్యతరగతి కుటుంబం ఒకేసారి పెట్టే పెద్ద ఖర్చు ఇదే. ఏళ్ల తరబడి కిస్తీలు కట్టాలి. అంత ఖర్చు విన్న మాట మీద పెట్టెయ్యడం నాకు నచ్చదు. అందుకే ఈ పూట ఒకే ఒక్క మాట చెబుతాను. కంపెనీ ఏ దేశానిదన్న ప్రశ్నని కాసేపు పక్కన పెట్టండి. మీరు కొనబోయే ఆ మోడల్ మీ చేతిలో ఉన్నన్నాళ్లూ కిలోమీటరుకు ఎంత పడుతుందో లెక్క వెయ్యండి. ఇదే మాట మధ్యమధ్యలో మళ్లీ గుర్తుచేస్తాను.

ముందు అసలు స్వదేశీ బండి అంటే ఏమిటో చూద్దాం. మన తాతల నాటి నుంచీ అచ్చమైన భారతీయ కారని పేరు తెచ్చుకున్నది అంబాసిడర్. దాని నమూనా బ్రిటన్‌లో పుట్టింది. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారునే బెంగాల్లోని ఉత్తరపారాలో మనవాళ్లు 2014 దాకా తయారుచేస్తూ వచ్చారు. ప్రీమియర్ పద్మిని కూడా అంతే. అది ఇటలీ ఫియట్ నమూనా. మరి మారుతి సంగతి? 1981లో అది భారత ప్రభుత్వ కంపెనీగా మొదలైంది. మరుసటి ఏడాది సుజుకి 26 శాతం వాటాతో చేరింది. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 రోడ్డెక్కింది. 2002 నాటికి కంపెనీలో పెద్ద వాటా సుజుకి చేతికి వెళ్లింది. 2007లో ప్రభుత్వం పూర్తిగా తప్పుకుంది. అంటే ఒకే కంపెనీ పాతికేళ్లలో సర్కారు చేతిలోంచి జపాన్ వాళ్ల చేతికి వెళ్లింది. కార్లు మాత్రం దశాబ్దాలుగా ఇక్కడే తయారవుతున్నాయి. కియా కొరియా కంపెనీ. కానీ 2019లో వచ్చిన సెల్టోస్ అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర తయారై బయటికొచ్చింది. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా. ఆ ఫ్యాక్టరీ ఏడాదికి 3 లక్షల బండ్లు తయారుచేసే సామర్థ్యంతో మొదలైంది.

మీ ఇంట్లో కారు ఉంటే దాని ఆర్సీ ఒకసారి తీసి చూడండి. ఛాసిస్ నంబరు అని ఉంటుంది. అక్షరాలూ అంకెలూ కలిసి 17 ఉంటాయి. మొదటి మూడూ చదవండి. టాటా బండి అయితే ఎం, ఏ, టీ. మారుతి అయితే చాలావాటికి ఎం, ఏ, 3. హ్యుందాయ్ అయితే ఎం, ఏ, ఎల్. మొదటి రెండు అక్షరాలూ ఈ మూడింటికీ ఒకటే. ఆ ఎం, ఏ అంటే ఈ బండి ఇండియాలో తయారైందని గుర్తు. పూర్తిగా తయారై ఓడలో దిగే కార్ల మీద దిగుమతి సుంకం చాలా ఎక్కువ. కాబట్టి మామూలు కుటుంబం కొనే విదేశీ కారు దాదాపు ఎప్పుడూ ఇక్కడ తయారైనదే. పన్ను వేసే ప్రభుత్వం కూడా కంపెనీ ఊరూ పేరూ అడగదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతం. చిన్నకారు అంటే పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. పెట్రోలు ఇంజనైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించకూడదు. అంతకన్నా పెద్దవాటికి 40 శాతం. టాటాకైనా హ్యుందాయ్‌కైనా కొలత అదే.

ఇంకాస్త లోపలికి, అంటే బానెట్ ఎత్తి చూద్దాం. ఫియట్ కంపెనీది 1.3 లీటర్ల మల్టీజెట్ అని ఒక డీజిల్ ఇంజను ఉండేది. అది ఫియట్ లీనియాలో ఉంది. మారుతి స్విఫ్ట్‌లో ఉంది. టాటా ఇండికా విస్టాలోనూ ఉంది. ఇటలీ పేరు, జపాన్ పేరు, ఇండియా పేరు. మూడింటి లోపలా గుండె ఒకటే. ఆ రోజుల్లో స్విఫ్ట్ డీజిల్ కొన్న ఎంతోమంది జపాన్ ఇంజను కొన్నామనే అనుకున్నారు. ఇప్పటి సంగతికొస్తే, టాటా హారియర్ డీజిల్ ఇంజను కూడా ఫియట్ మూలం నుంచి వచ్చిందే. అదే ఇంజను జీప్ కంపాస్‌లో నడిచింది. ఎంజీ హెక్టర్‌లోనూ నడిచింది. హారియర్ డీజిల్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ హ్యుందాయ్ నుంచి తీసుకున్నది. ఇక మారుతి బెలీనోకు టయోటా గుర్తు తగిలించి 2019లో గ్లాన్జా అని అమ్మడం మొదలుపెట్టారు. కారు అదే, తయారుచేసేది మారుతే. అప్పట్లో తేడా వారంటీలో ఉండేది. బెలీనోకు రెండేళ్లు లేదా 40 వేల కిలోమీటర్లు. గ్లాన్జాకు మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. ఆ వారంటీ చదివి గ్లాన్జా తీసుకున్నవాళ్లు మంచి బేరమే చేశారు. టయోటా ఇంజను గట్టిదని తీసుకున్నవాళ్లు మాత్రం లేనిదానికి డబ్బిచ్చారు. 2024లో మారుతి కూడా తన వారంటీని మూడేళ్లకు, లక్ష కిలోమీటర్లకు పెంచింది. కాబట్టి నిరుడు నిజమైన మాట ఈ ఏడు నిజం కాకపోవచ్చు. కొనే రోజున కాగితం మీద ఏముందో అదే చదువుకోవాలి.

ఇంజను అరువు తెచ్చుకోవచ్చు, బిగించే పనితనం సంగతేమిటని మీరు అడగొచ్చు. జపాన్ మనుషుల క్రమశిక్షణ మనకెక్కడిదనే మాట తరచు వింటాం. దీనికి జవాబు అమెరికాలో, ఇప్పుడు మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటున్న ఫ్రీమాంట్ ఊళ్లో దొరుకుతుంది. అక్కడ జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఉండేది. నాణ్యతలోనూ హాజరులోనూ దానికి చెడ్డపేరు. 1982లో మూసేశారు. 1984లో టయోటా, జనరల్ మోటార్స్ కలిసి దాన్ని మళ్లీ తెరిచాయి. పనిలోకి తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ పాత కార్మికులే. యూనియనూ పాతదే. మారింది పని పద్ధతి. లోపం కనబడితే ఏ కార్మికుడైనా తాడు లాగి లైను ఆపించవచ్చు. లోపాన్ని ముందుకు పంపకూడదు. అంతే, కొద్ది కాలంలోనే ఆ ఫ్యాక్టరీ బండ్లు అమెరికాలో మేలైనవాటి సరసన నిలిచాయి. చేతులు అవే. దేశం అదే. చేయించే తీరు మారింది, నాణ్యత మారింది. అక్కడే ఇంకో విషయం కూడా తేలింది. ఒకే లైను మీద టయోటా కరోలా, దాని కవల జియో ప్రిజ్మ్ తయారయ్యేవి. పేరు తప్ప పెద్ద తేడా లేదు. అయినా పాతబండ్ల మార్కెట్లో కరోలాకే ఎక్కువ ధర పలికేది. అంటే పేరుకు నాణ్యతతో సంబంధం లేకపోయినా, రేపు అమ్మేటప్పుడు వచ్చే ధరతో సంబంధం ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. లెక్క వేసేటప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు ప్రాణాల సంగతి. దీన్ని డబ్బు లెక్కలో కలపను. ముందు ఇందులో నెగ్గిన బండికే తర్వాత లెక్క. షోరూంలో చాలామంది తలుపు మీద వేలితో కొట్టి చూస్తారు. మోత బరువుగా వినబడితే రేకు మందం, కాబట్టి బండి భద్రం అనుకుంటారు. తలుపు మీది రేకు పైకి కనబడే కప్పు మాత్రమే. గుద్దుకున్నప్పుడు మనిషిని కాపాడేది లోపలి చట్రం. అద్దం పక్కన నిలబడే స్తంభం, కాళ్ల కింది దూలం, తలుపు లోపలి అడ్డకమ్మీ. ముందు భాగం ముడుచుకుపోయి దెబ్బ తీసుకోవాలి. మనం కూర్చున్న భాగం మాత్రం చెక్కుచెదరకూడదు. ఇది వేలితో తట్టి చూస్తే తెలిసేది కాదు. బండిని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో తీసుకెళ్లి, డ్రైవరు వైపు ముందుభాగంలో 40 శాతం అడ్డానికి తగిలేలా గుద్దించి చూస్తారు. లోపల కూర్చోబెట్టిన బొమ్మల తలకీ ఛాతీకీ మోకాళ్లకీ ఎంత దెబ్బ తగిలిందో కొలుస్తారు. దాన్నిబట్టి నక్షత్రాలు ఇస్తారు.

ఆ నక్షత్రాల చరిత్ర చూస్తే మన వాదన అక్కడికక్కడే తేలిపోతుంది. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఇండియాలో అమ్మే అయిదు కార్లను ఇలా గుద్దించింది. టాటా నానో. మారుతి ఆల్టో 800. కొరియా వాళ్ల ఐ10. అమెరికా ఫోర్డ్ ఫిగో. జర్మనీ ఫోక్స్‌వ్యాగన్ పోలో. నాలుగు విదేశాలు, ఒక స్వదేశం. అయిదింటికీ సున్నా. అన్నీ ఎయిర్‌బ్యాగులు లేని చవక రకాలే. పోలో, ఫిగోల చట్రం గట్టిగానే నిలబడింది. అయినా ఎయిర్‌బ్యాగు లేక బొమ్మ బతకలేదు. ఎయిర్‌బ్యాగులు రెండు పెట్టాక అదే పోలోకి నాలుగు నక్షత్రాలు వచ్చాయి. ఒకే బండి, ఒకే కంపెనీ, ఒకే దేశం. మీరు ఏ రకానికి డబ్బు కట్టారన్నదాని మీద ప్రాణం ఆధారపడింది. 2016లో మహీంద్రా స్కార్పియోకి సున్నా. ఎత్తుగా, బరువుగా, గంభీరంగా కనబడే బండి అది. 2022లో అదే ఇంటి స్కార్పియో ఎన్‌కి పెద్దల భద్రతలో అయిదు. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్‌కి అయిదు. ఇండియాలో తయారై ఇక్కడే అమ్మే కారుకు గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో అయిదు నక్షత్రాలు రావడం అదే మొదలు. 2020లో మారుతి ఎస్‌ప్రెసోకి సున్నా. 2024లో అదే మారుతి కొత్త డిజైర్‌కి అయిదు. పెనుకొండ సెల్టోస్‌కి 2020లో మూడు, అదే ఫ్యాక్టరీ సైరోస్‌కి 2025లో అయిదు. మన టాటా, మన మహీంద్రా ఈ విషయంలో అందరికన్నా ముందు అడుగు వేశాయి. ఆ గౌరవం వాళ్లకు దక్కాల్సిందే. కానీ కొనేవాళ్లు దాన్ని ఆ కంపెనీ బండ్లన్నిటికీ పంచిపెట్టకూడదు. ఇప్పుడు మన ప్రభుత్వమే 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో ఇలాంటి పరీక్ష నడుపుతోంది. అయితే పరీక్షకు పంపడం కంపెనీ ఇష్టం. మీరు చూస్తున్న మోడల్‌కు నక్షత్రాలు ఎన్ని అని అడగండి. అసలు పరీక్షకే పంపలేదంటే, ఎందుకు పంపలేదని అడగండి.

ఇక డబ్బు లెక్క. సంతలో గేదెను కొనే రైతు ఎలా బేరం చేస్తాడో మీకు తెలుసు. ఏ జిల్లా నుంచి తోలుకొచ్చారని ఒకసారి అడుగుతాడేమో గానీ, దానిమీద డబ్బు పెట్టడు. పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుంది? ఎంత మేత తింటుంది? ఎన్నో ఈత? రేపు అమ్మితే ఎంతకు పోతుంది? ఇవీ ఆయన ప్రశ్నలు. కారు దగ్గరికి వచ్చేసరికి మనం ఆ తెలివిని గడప బయట వదిలేస్తున్నాం. సరే, ఆ రైతు లెక్కే వేద్దాం. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి. ఇవి నేను ఉదాహరణకు అనుకుంటున్న అంకెలు. మొదటి కారు ఆన్‌రోడ్ ధర 9 లక్షలు. రెండోదానికి 10 లక్షలు. ఎనిమిదేళ్లు ఉంచుకుంటారు. ఏడాదికి 10 వేల కిలోమీటర్లు, మొత్తం 80 వేలు. మొదటిది లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తుంది. రెండోది 20. పెట్రోలు లీటరు 110 రూపాయలు అనుకుందాం. మొదటిదానికి 5 వేల లీటర్లు కావాలి, అంటే 5 లక్షల 50 వేలు. రెండోదానికి 4 వేల లీటర్లు, 4 లక్షల 40 వేలు. సర్వీసింగు, ఇన్సూరెన్సు రెండింటికీ ఏడాదికి 30 వేలే అనుకుందాం. ఎనిమిదేళ్లకు 2 లక్షల 40 వేలు. చివర అమ్మితే మొదటిదానికి రెండున్నర లక్షలు, రెండోదానికి 3 లక్షలు వస్తాయనుకుందాం. పెట్టినవన్నీ కూడండి. తిరిగి వచ్చింది తీసెయ్యండి. మొదటి కారుకు 14 లక్షల 40 వేలు. కిలోమీటరుకు 18 రూపాయలు. రెండోదానికి 13 లక్షల 80 వేలు. కిలోమీటరుకు 17 రూపాయల పావలా. లక్ష ఎక్కువ పోసి కొన్న బండే చివరికి చవక పడింది.

అలాగని ఖరీదు బండే చవకని తీర్మానించకండి. అదే కుటుంబం ఏడాదికి 5 వేల కిలోమీటర్లే తిరుగుతుందనుకోండి. లెక్క మళ్లీ వేస్తే రెండు బండ్లూ కిలోమీటరుకు 29 రూపాయల దగ్గర కలుసుకుంటాయి. తేడా మాయమైంది. పైగా 18 ఉన్నది 29కి ఎక్కింది. తక్కువ తిరిగేవాళ్లకు మైలేజీ పెద్ద విషయం కాదు, కొన్న ధరే పెద్ద విషయం. ఈ లెక్కలో ఎక్కడైనా దేశం పేరు వచ్చిందా? రాలేదు. వచ్చినవి మీ తిరుగుడు, మీ మోడల్ మైలేజీ, మీ ఊళ్లో సర్వీసింగు ఖర్చు, రేపటి ధర. అందుకే మళ్లీ అంటున్నాను. కిలోమీటరుకు ఎంత?

రేపటి ధర దగ్గర ఒక మాట ఉంది. ఇన్సూరెన్సు వాళ్ల పట్టిక ప్రకారం అయిదేళ్లు వచ్చేసరికి ఏ కారు విలువైనా సగానికి తగ్గుతుంది. ఆ పట్టిక అన్ని కంపెనీలకూ ఒకటే. పాతబండ్ల మార్కెట్ అలా చూడదు. అక్కడ మెకానిక్ ఏ బండి విప్పగలడు, స్పేర్ పార్టు ఏ వీధిలో దొరుకుతుంది అన్నది ధర నిర్ణయిస్తుంది. దేశంలో అమ్ముడయ్యే ప్రతి పది కార్లలో సుమారు నాలుగు మారుతివే కావడంతో దాని పాతబండికి కొనేవాడు తేలిగ్గా దొరుకుతాడు. రెండో వైపూ చూడండి. జనరల్ మోటార్స్ 2017 చివర ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో తయారీ మానేస్తున్నట్టు చెప్పింది. 2022లో డాట్సన్ కూడా పోయింది. వాటిలో మంచి బండ్లు లేకపోలేదు. నడిపినవాళ్లు ఇప్పటికీ మెచ్చుకునేవి ఉన్నాయి. కానీ తయారీ ఆగిందనగానే అమ్మబోయేవాళ్లకు బేరం పడిపోయింది. స్వదేశీ కంపెనీ పెట్టేబేడా సర్దుకుని పోదు కదా అంటారా? చాలావరకు నిజమే, ఆ మాటకు విలువ ఇవ్వాలి. కానీ అంబాసిడర్, పద్మిని కూడా ఆగిపోయినవే. నిలబడేది అమ్మకాలున్న కంపెనీ.

జపాన్ బండ్లకు మన్నికలో ఉన్న పేరు ఊరికే రాలేదు కదా, మనవాటిలో చిన్నచిన్న తలనొప్పులు ఎక్కువ కదా అని మరో అభ్యంతరం. ఇందులోనూ నిజం ఉంది. 1998లో వచ్చిన టాటా ఇండికా మొదటి బండ్ల మీద ఫిర్యాదులు బాగా వచ్చాయి. కంపెనీ దాన్ని సరిచేసి 2001లో వీ2 అని తెచ్చింది. ఆ తర్వాత ఇండికా ఎన్నేళ్లు ట్యాక్సీగా తిరిగిందో మన రోడ్లే సాక్ష్యం. దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఏ కంపెనీదైనా సరే, సరికొత్త మోడల్‌ను వచ్చిన మొదటి నెలల్లోనే కొనకండి. ముఖ్యంగా ఇప్పటి బండ్లలో తెరలు, సెన్సర్లు, సాఫ్ట్‌వేర్ బోలెడు. ఏడాది ఆగితే లోపాలు బయటపడతాయి, కొన్ని సర్దుకుంటాయి. ఆ ఏడాది ఓపిక మీ చేతిలో ఉంది.

చివరి అభ్యంతరం దేశభక్తి. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. పెనుకొండలో జీతం తీసుకునే కుర్రాడు మనవాడే. కానీ లాభం ఎక్కడికి పోతుందన్న ప్రశ్న న్యాయమైనదే. 2024 అక్టోబరులో హ్యుందాయ్ ఇండియా షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. సేకరించిన సుమారు 27,870 కోట్ల రూపాయలూ కొరియా మాతృసంస్థకే చేరాయి. అదే టాటా 2008లో జాగ్వార్ ల్యాండ్‌రోవర్‌ను కొంది. అక్కడి ఇంజనీరింగ్ హారియర్ చట్రంలోకి వచ్చింది. నమూనా గీసే నేర్పు దేశంలో ఉండాలని కోరుకోవడం మంచిదే. ఆ కోరికకు కూడా ధర కట్టి చూడమంటాను. మన కంపెనీ బండి కిలోమీటరుకు అర్ధరూపాయి ఎక్కువ పడితే 80 వేల కిలోమీటర్లకు 40 వేలు. ఇవ్వగలిగినవాళ్లు సంతోషంగా ఇవ్వొచ్చు, నేనైతే ఇవ్వమనే అంటాను. మూడు రూపాయలు ఎక్కువ పడితే 2 లక్షల 40 వేలు. కిస్తీల మీద కొనే కుటుంబం మీద అంత బరువు పెట్టమని ఎవరూ అడగకూడదు. తెలిసి ఇవ్వడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు.

అందుకే బుకింగ్ డబ్బు కట్టే ముందు ఒక పని చెయ్యండి. షోరూంకి వెళ్లకండి, మీకు దగ్గర్లో ఉన్న ఆ కంపెనీ సర్వీస్ సెంటరుకు వెళ్లండి. ముందు పార్టుల కౌంటరు దగ్గర మీరు కొనబోయే మోడల్ హెడ్‌లైటు ఎంత, ముందు బంపర్ ఎంత, పక్క అద్దం ఎంత అని అడిగి రాసుకోండి. సాయంత్రం బండ్లు ఇచ్చే వేళకు డెలివరీ దగ్గర నిలబడండి. అదే మోడల్ తీసుకుంటున్నవాళ్లను పలకరించండి. ఎన్ని రోజులు పెట్టుకున్నారు, చెప్పిన బిల్లు ఎంత, చివరికి వేసిన బిల్లు ఎంత, ఇదే లోపంతో ఎన్నోసారి వచ్చారు అని అడగండి. చెప్పడానికి ఎవరూ మొహమాటపడరు. ఆ అంకెలు తెచ్చుకుని మీ కాగితం మీద సర్వీసింగు ఖర్చు అని రాసిన చోట వేసుకోండి.